లేని మేడను గీసి ఇచ్చారు: మా ఇంటి డ్రాయింగుల మీద ఫిర్యాదు

మేనేజర్ గారికి,
పాత కట్టడాల సర్వే, డ్రాయింగుల విభాగం.

విషయం: విజయనగరం జిల్లాలోని మా పాత మొఖాసా ఇంటికి (జమీందారు ఇచ్చిన ఊరి శిస్తు వసూలు చేసుకున్న కుటుంబం ఇల్లు) మీరు తయారు చేసి ఇచ్చిన కొలతల డ్రాయింగులు తప్పుగా ఉండడం, మా అసలు నక్షాలు (ఇంటి పాత ప్లాన్లు) పాడైపోవడం గురించి.

అయ్యా,

మీ సంస్థ పంపిన పదకొండు షీట్లు పోయిన నెల అందాయి. చూడ్డానికి చాలా అందంగా ఉన్నాయి. మంచి కాగితం, సన్నటి గీతలు, మూలన మీ ముద్ర. మా ఆవిడ ఒకటి ఫ్రేము కట్టిద్దామని కూడా అంది. పదిహేను రోజుల తరువాత మా ఊరి తాపీ మేస్త్రి ఎస్టిమేటు వేయడానికి వాటిని అరుగు మీద పరుచుకుని కాసేపు చూశాడు. ఇంటివైపు చూశాడు. మళ్లీ కాగితం చూశాడు. "ఇదేటి మేస్టారూ, లేని మేడ గీసేసినారు!" అన్నాడు.

నిజమే. మా ఇంటికి తూర్పు వైపు మేడ లేదు. ఎప్పుడూ లేదు. మీ డ్రాయింగులో మాత్రం రెండు గదులు, ఒక బాల్కనీ, పైకి మెట్లు, అన్నీ ఉన్నాయి. షీటు కింద "ప్రస్తుతం ఉన్న స్థితి" అని రాసి ఉంది.

ఇది ఎలా జరిగిందో నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మీకు ఆ రెండు రోజులు మిగులుద్దామని వివరంగా రాస్తున్నాను.

మీవాళ్లు వచ్చినప్పుడు మా దగ్గరున్న నాలుగు పాత నక్షాలు చూపించాను. ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో గీసినవి, 1936 అని తేదీ వేసినవి. మా తాతగారు ఇంటిని పెంచుదామనుకుని గీయించుకున్నారు. అందులో అప్పటికే ఉన్న గోడలు నల్ల ఇంకుతోనూ, కట్టబోయేవి ఎర్ర ఇంకుతోనూ ఉన్నాయి. మున్సిపాలిటీకి ప్లాను పెట్టేవాళ్లు ఈరోజుకీ వాడుతున్న పద్ధతే అది: ఉన్నది నలుపు, కొత్తది ఎరుపు, పడగొట్టేది పసుపు. మీరు వాటిని తీసుకెళ్లి నలుపు తెలుపులో స్కాన్ చేశారు. ఎర్ర గీత నల్లగా మారింది. తాతగారి ఆశ కాస్తా గోడలై నిలబడింది.

ఆ మేడ ఎందుకు లేవలేదో మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. దూలాలకు రంగూన్ నుంచి బర్మా టేకు రావాలి, దానికి డబ్బు కావాలి, ఆ రెండూ రాలేదు. ఆ తరువాత 1948లో ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం వచ్చింది. శిస్తు పోయాక మేడ మాట ఎత్తినవాళ్లు లేరు. కానీ మేడ కోసం వదిలిన గుర్తు మాత్రం గోడకు ఇంకా ఉంది. పడమటి మేడ గోడ అంచున వరస విడిచి వరస ఇటుకలు బయటికి పొడుచుకుని ఉంటాయి, రేపు కొత్త గోడ వాటితో కలుస్తుందని. కలవలేదు. ఇప్పుడు వాటి మీద పావురాలు కూర్చుంటాయి. నిజంగా ఈ ఇంటిని కొలిచినవాడు, దాని చరిత్ర గీయాలనుకున్నవాడు మొదట గీయాల్సింది ఆ ఇటుకల్ని. మీ ఎలివేషన్లో (ఇంటిని ఎదురుగా చూసినట్టు గీసిన షీటులో) అవి లేవు. అక్కడ మీరు గది కట్టేశారు కదా!

ఇక కొలతల సంగతి. నేను ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, అలవాటు పోదు. స్టీలు టేపు తీసుకుని ఏడు చోట్ల కొలిచాను. కచేరీ సావిడి పొడవు 24 అడుగులు, మీ షీటులో 25. వెడల్పు 16 అడుగులు, మీ షీటులో 16 అడుగుల 8 అంగుళాలు. ముందు వసారా వెడల్పు 9 అడుగులు, మీరు రాసింది 9 అడుగుల నాలుగున్నర అంగుళాలు. చివరికి రెండడుగుల మందపు గోడకు కూడా ఒక అంగుళం కలిపారు. కొలతలో పొరపాటైతే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ రావాలి. ఏడింటిలోనూ 24కి 25 అనే నిష్పత్తే వచ్చిందంటే అది పొరపాటు కాదు, గుణకారం. పాత నక్షా స్కేలు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే 1:96. మీరు దాన్ని 1:100 అనుకుని కాగితం మీంచి దించుకున్నారు. కాగితం మీద మూడంగుళాల సావిడి 24 అడుగులు కావాల్సింది 25 అయింది. అంటే మీవాళ్లు మా ఇంటిని కొలవలేదు, మా కాగితాన్ని కొలిచారు.

పొడవులో నాలుగు శాతమే కదా అనకండి. వెడల్పులోనూ ఆ నాలుగు చిల్లర కలిస్తే విస్తీర్ణం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది. ఒక్క సావిడి పైకప్పుకే 33 చదరపు అడుగుల దొంగలెక్క. ఇల్లంతా వేసుకుంటే ఎంతో మీరే చూసుకోండి.

సెక్షన్లు (ఇంటిని నిలువుగా కోసి చూపినట్టు గీసిన షీట్లు) చూస్తే నాకు కోపం కన్నా భయం వేసింది. సావిడి పైన ఆరంగుళాల ఆర్‌సీసీ శ్లాబ్ గీశారు. అక్కడున్నది మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద పల్చటి ఇటుకల్ని సున్నంలో అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, దాని మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టి, పైన బల్లపరుపు పెంకు వేసిన కప్పు. సావిడిలో నిలబడి తల పైకెత్తితే దూలాలు కనిపిస్తాయి, ఎక్కనక్కర్లేదు. మీ షీటు చూసిన మా తమ్ముడి కొడుకు "పెదనాన్నా, శ్లాబే కదా, పైన రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టిద్దాం" అన్నాడు. నీళ్ల బరువే రెండు టన్నులు. ఆ దూలాల చివర్లు రెండు చోట్ల చెద తిన్నాయని మేస్త్రి చెప్పకపోతే ఏమయ్యేదో.

అదే షీటులో గోడల వివరం దగ్గర సిమెంటు, ఇసుక 1:6 అని ఉంది. వేరే ఎవరి ఇంటి నోట్సో ఇక్కడికి వచ్చి పడినట్టుంది. మా గోడలు గానుగ సున్నంతో కట్టినవి. దాని మీద సిమెంటు పూస్తే గోడలోని తేమ బయటికి రాలేక లోపల ఇటుక పొడి పొడి అయిపోతుంది. దొడ్డివైపు గోడకు ముప్ఫై ఏళ్ల కిందట మేమే ఆ తెలివితక్కువ పని చేశాం, ఇప్పుడు చేత్తో గీరితే రాలుతోంది. మీ డ్రాయింగు నమ్మితే మిగతా గోడలకూ అదే గతి.

ఒప్పందంలో ఇంకో షీటు ఉంది. ఇంట్లో ఏ భాగం ఎప్పుడు కట్టారో, ఎప్పుడు మార్చారో రంగులతో చూపించే ప్లాను. నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది అదే, ఎందుకంటే ఇవి చెప్పగలిగినవాళ్లలో మిగిలింది నేనూ మా మేనత్తా. ఆవిడకు ఎనభై తొమ్మిది. మీవాళ్ల కోసం ఆవిడ పొద్దున్నే తయారై కూర్చుంది. శిస్తు కట్టడానికి రైతులు వచ్చే సావిడి తరువాత ఎలిమెంటరీ స్కూలు ఎలా అయిందో, అప్పుడు మధ్యలో అడ్డుగోడ ఎక్కడ కట్టారో, ఏ గుమ్మం మూసి బీరువా గూడు చేశారో చెబుదామని. ఎవరూ అడగలేదు. మీ ప్లానులో అడ్డుగోడ లేదు. మూసిన గుమ్మం తెరిచే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు వంటింటి పెంకులు ఎగిరిపోయి రేకులు వేయించాం, మీ షీటులో ఇంకా పెంకులే. కాలాల ప్లాను అని ఇచ్చిన దానిలో ఇల్లంతా ఒకే గోధుమ రంగు, కింద "సుమారు వందేళ్లు".

విజయనగరం కోటకు 1713లో పునాది వేశారని, విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం అంటూ ఇక్కడి చిన్నపిల్లలు కూడా చెబుతారు. పెద్ద కోటలకు అలా చెప్పేవాళ్లు ఉంటారు. మాలాంటి చిన్న మొఖాసా ఇళ్లకు కాగితమే గతి. అందుకే మీ దగ్గరికి వచ్చాం.

ఆ కాగితాలకు ఏం చేశారో కూడా చెప్పాలి. నాలుగు నక్షాల్నీ గొట్టంలో చుట్టి మీ చేతికిచ్చాను. మడతలు పెట్టి, బ్రౌన్ కవరులో వేసి కొరియర్లో పంపారు. రెండింటిని ఎవరో తడి గుడ్డతో తుడిచినట్టున్నారు. ట్రేసింగ్ గుడ్డకు గంజి పూత ఉంటుంది, నీళ్లు తగిలితే అది కరిగిపోతుంది. ఒక షీటులో ఓవర్సీరు సంతకం, కొలతల అంకెలు అలుక్కుపోయాయి. ఆ అంకెలు మా దగ్గర ఇంకెక్కడా లేవు.

వచ్చిన ఇద్దరు కుర్రాళ్లను నేను తప్పు పట్టను. మర్యాదగా ఉన్నారు, మా ఇంట్లో భోజనం చేశారు, వంకాయ కూర రెండోసారి అడిగి వేయించుకున్నారు. నాలుగు రోజుల పనికి మీరు వాళ్లను ఒకటిన్నర రోజుకే పంపారు. లేజరు మీటరు బ్యాటరీ మొదటి రోజు మధ్యాహ్నమే అయిపోయింది. నిచ్చెన లేదని పైకప్పు ఎక్కలేదు. ఫోన్లో ఆఫీసుని అడిగితే "పాత డ్రాయింగులు ఉన్నాయిగా, వచ్చేయండి" అన్నారని వాళ్లే చెప్పారు.

మొత్తం 1,80,000 రూపాయల పనికి 1,20,000 ఇప్పటికే చెల్లించాను. నేను కోరేది ఇది. మనిషిని పంపి ఇంటిని మళ్లీ కొలవాలి, ప్రతి గదికీ రెండు కర్ణాలూ (ఎదురెదురు మూలల మధ్య కొలతలు) తీసుకోవాలి. వాయవ్యపు గదిలో ఆ రెండింటికీ ఏడంగుళాల తేడా ఉంది, మీ షీటులో అది చతురస్రంగా కూర్చుంది. కొలతలు రాసుకున్న పుస్తకం నకలు నాకు ఇవ్వాలి. కప్పు, గోడల సెక్షన్లు ఉన్నవి ఉన్నట్టు గీయాలి. మా మేనత్త చెప్పింది విని కాలాల ప్లాను వేయాలి. పాడైన నక్షాల్ని పాత కాగితాలు బాగుచేసే నిపుణుల చేత మీ ఖర్చుతో చేయించాలి. ఈలోగా ఆ పదకొండు షీట్లనూ మీ ఫైళ్లలోంచి రద్దు చేసి, ఆ మాట రాతపూర్వకంగా తెలియజేయాలి. రేపెవరైనా వాటిని చూసి మా ఇంటికి తూర్పు మేడ ఉండేదని, కూలిపోయిందని రాయకూడదు. ఇదంతా చేయలేమంటే కట్టిన సొమ్ము వెనక్కివ్వండి, నక్షాలు బాగుచేయించే ఖర్చు అదనంగా.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విజయనగరంలోని జిల్లా కమిషన్‌కు వెళతాను. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా నేనున్న చోటే కేసు వేసుకోవచ్చని ఆ చట్టం చెబుతోంది. ఒప్పందం, రసీదులు, మీ షీట్లు, నా ఏడు కొలతలు, గోడ ఫొటోలు జతపరిచాను. నక్షాల అసలు ప్రతులు మాత్రం ఇక పంపను, చూడాలంటే ఇక్కడికే రండి.

ఇట్లు,
రిటైర్డ్ లెక్కల మాస్టారు,
ఇంటి వారసుల తరఫున,
విజయనగరం జిల్లా.

తా.క.: ఈసారి వచ్చేవాళ్లు నిచ్చెన తెచ్చుకోవాలి. మా దగ్గరున్నది పన్నెండు అడుగులే, సావిడి కప్పుకు అందదు.