ఆ ‘చవక రబ్బరు ముక్క’ ఏ కొట్లో దొరుకుతుందో చెప్పండి

సంపాదకుల వారికి,

అయ్యా,

రెండు వారాల కిందట మీ ఆదివారం సంచికలో పాత కార్ల ర్యాలీ మీద అర పేజీ వేశారు. ఇప్పుడా రాసేది అనుకోకండి. మొదటి వారం కోపంతో గడిచింది, రెండో వారం కారు కింద గడిచింది. ముందు చిన్న విషయం. ‘అంబాసిడర్ సొగసు’ అని మీరు వ్యాఖ్య పెట్టిన ఫొటోలో ఉన్నది అంబాసిడర్ కాదు, ఫియట్ 1100. పాతగా కనిపించిన ప్రతి కారూ అంబాసిడర్ కాదండీ. ఒకప్పుడు పత్రికల్లో ఇలాంటివి పట్టుకునేవాళ్లు ఒకరిద్దరు ఉండేవారు.

అసలు బాధ అది కాదు. విడిభాగాలకు ఇబ్బందేమీ లేదనీ, విజయవాడ ఆటోనగర్‌కు వెళితే ఏ ముక్కైనా చేసి ఇచ్చేస్తారనీ ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ వాక్యం చదివి మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆరేళ్లుగా నేను ఆటోనగర్‌కు తిరుగుతున్న తిరుగుడు ఆమెకు తెలుసు.

నాది 1968 నాటి ఫియట్, నాన్నగారు కొన్నది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు. ఇదే కారును తర్వాత ప్రెసిడెంట్ అన్నారు, పద్మిని అన్నారు. పేర్లు మారినా లోపలి సరుకు చాలావరకు అదే. అందుకే ముంబైలో పద్మిని టాక్సీలు తిరిగినంత కాలం మాకు సామాన్లకు లోటు లేదు. 2023 అక్టోబరులో అక్కడ చివరి పద్మిని టాక్సీ కూడా ఆగిపోయింది. టాక్సీల మీద బతికిన కొట్లు ఇక పద్మిని సామాను తెప్పించి ఎవరికి అమ్ముకుంటాయి?

ఆటోనగర్‌లో ‘చేసి ఇచ్చేయడం’ ఎలా ఉంటుందో ఒక ముక్క కథ చెబుతాను. ఇంజను పైభాగంలో, సిలిండర్ హెడ్ మీద నీళ్ల గొట్టం తగిలించే అల్యూమినియం మోచేయి ముక్క ఒకటి తుప్పు తిని చిల్లులు పడింది. పోత షాపు కుర్రాడు చేతిలోకి తీసుకుని చూసి, ‘ఇచ్చి వెళ్లండి మాస్టారూ, అచ్చం ఇలాంటిదే పోసి పెడతా’ అన్నాడు. పాత ముక్కనే ఇసుకలో నొక్కి, ఆ గుంటలో అల్యూమినియం పోశాడు. పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. అల్యూమినియం అయితే నూటికి సుమారు 1.3 వంతు, అంటే 100 మిల్లీమీటర్లకు మిల్లీమీటరు పైచిలుకు. ముక్క చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, బోల్టు మాత్రం దిగదు. ‘ఫర్లేదు మాస్టారూ, ఫైలు పెట్టి సరిచేద్దాం’ అన్నాడు. తగ్గిపోయిన లోహాన్ని ఫైలు ఎలా పెంచుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పైగా పాత ముక్క అంచు అప్పటికే అరిగి ఉంది. అరిగిన దాన్ని చూసి కొత్తది చేస్తే అరుగుదలకు కూడా నకలు వస్తుంది. కొత్తలో ఎంత మందం ఉండేదో డ్రాయింగులోనే ఉంటుంది. అడుగుదామంటే ఈ కార్లు తయారు చేసిన ముంబై కుర్లా ఫ్యాక్టరీయే ఇప్పుడు లేదు.

చివరికి రెండు వీధుల అవతల డెబ్భై ఏళ్లు దాటిన ఒక పాటర్న్ మేస్త్రి, అంటే పోతకు చెక్క నమూనాలు చేసే ఆయన, దొరికాడు. చెక్కపెట్టెలోంచి ఒక ఉక్కు స్కేలు తీసి, మామూలు స్కేలు పక్కన ఆనించి పెట్టాడు. మొదట్లో రెండు గీతలూ కలిసే ఉన్నాయి. అడుగు గీత దగ్గరికి వచ్చేసరికి ఆయన స్కేలు అంగుళంలో ఎనిమిదో వంతు కంటే ఎక్కువే ముందుకు పోయింది. ష్రింక్ స్కేలు అంటారు దాన్ని. లోహం చల్లారాక ఎంత తగ్గుతుందో అంత ముందే గీతల్లో కలిపి ఉంటుంది. దాంతో కొలిచి టేకు చెక్కతో నమూనా చేశాడు, అరిగిన అంచుకు మందం కలిపాడు, తర్వాత లేత్ మీద చెక్కి సరిచేయడానికి ఇంకాస్త వదిలాడు. పోత బయటికొచ్చాక లేత్ మీద సరిచేసి ఇంజనుకు బిగిస్తే మొదటిసారికే సరిపోయింది. ఆయన కొడుకు మొబైల్ షాపు పెట్టుకున్నాడు. ఆ స్కేలు ఎవరికిస్తారని అడిగితే, ‘మీకు కావాలా మాస్టారూ?’ అని నన్నే అడిగాడు.

ముప్ఫై ఏళ్లు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినవాణ్ని నేను. ఫౌండ్రీ ప్రాక్టికల్, అంటే పోత పని నేర్పే క్లాసు, వస్తే రికార్డు రాయించి సంతకం పెట్టి పంపినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ పాపంలో నా వాటా ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఆ మాత్రం రికార్డైనా రాయిస్తున్నారా? స్కిల్ డెవలప్‌మెంట్ పేరుతో బ్యానర్లు కడతారు, రిబ్బన్ కత్తిరిస్తారు, మర్నాడు షెడ్డుకు తాళం పడుతుంది.

ఇక రబ్బరు సంగతి. చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లలో ఆయిల్ కారకుండా ఆపే చిన్న రబ్బరు కప్పులు ఉంటాయి. పేరున్న కంపెనీ డబ్బాలో పెట్టి నాకు అంటగట్టిన కప్పులు సైజుకు సరిగ్గానే ఉన్నాయి, రబ్బరే వేరు. ఆయిల్ సీళ్లకు వాడే నైట్రైల్ రబ్బరుతో చేసి ఉంటారు. గ్లైకాల్ బ్రేకు ఆయిల్ తగిలితే అది ఉబ్బుతుంది. నాలుగో రోజు బెంజ్ సర్కిల్ దగ్గర బ్రేకులు పట్టేశాయి, చక్రం చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయింది. వెనక బస్సువాడు హారన్ మోగిస్తూ మా వంశాన్నంతా తలుచుకున్నాడు. కొట్టువాడి సమాధానం, ‘అదే సైజు కదండీ’.

అద్దం చుట్టూ వేసే రబ్బరు పట్టీ, అదే బీడింగ్, చేయిద్దామని వెళితే, డై (అచ్చు) కొత్తగా కొట్టించాలి, కనీసం 500 మీటర్లు తీసుకోవాలన్నారు. నా కారుకు మూడున్నర మీటర్లు చాలు. మిగతాది మా వీధికి తోరణం కట్టుకోవాలి కాబోలు.

ఇది చాలదన్నట్టు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ వివరణ ఇస్తూ, కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చనీ, అవి చవకేననీ, మామూలు సర్వీసింగులో తేలిగ్గా మార్చుకోవచ్చనీ చెప్పింది. చదివి మురిసిపోయాను. చవకే, ఒప్పుకున్నాను. ఏ కొట్లో? నా కారు పెట్రోలు పంపులో పెట్రోలును తోసే పల్చటి పొర, డయాఫ్రం, ఇథనాల్ అనే మాట మన బంకుల్లో వినిపించని రోజుల నాటి రబ్బరు. అది చిరిగితే పెట్రోలు నేరుగా ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరుతో ఈ సైజులో డయాఫ్రం చేసేవాడు నాకు ఇంతవరకు దొరకలేదు. శాఖవారి దగ్గర అడ్రసు ఉంటే మీ పత్రికలో వేయించండి, నేనే వెళ్లి క్యూలో నిలబడతాను.

ఫీజుల్లో మాత్రం ఏ లోటూ లేదు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 600 రూపాయల నుంచి 2022లో 5,000కు, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000కు వెళ్లింది. 2021లో యాభై ఏళ్లు దాటిన కార్లకు వింటేజ్ నంబరు తెచ్చారు. దానికి 20,000 కట్టాలి, కట్టాక రోజువారీ తిరగకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్లవచ్చు, పెట్రోలు కోసం, రిపేరు కోసం బయటికి తీయవచ్చు. రిపేరుకు తీసుకెళ్లే అనుమతి ఇచ్చినవాళ్లకు, రిపేరుకు ముక్క ఎక్కణ్నుంచి వస్తుందన్న ఆలోచన ఎందుకు రాలేదు? బ్రిటన్‌లో 1980లో ఆగిపోయిన ఎంజీబీ కారు బాడీని 1988లో పాత డైలతోనే మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టారు. మన అంబాసిడర్ 2014లో ఆగింది, 2017లో పేరు 80 కోట్లకు ప్యూజో కంపెనీకి అమ్ముడుపోయింది. ఆ 80 కోట్లలో బీడింగ్ డై ఎన్ని వచ్చేవో లెక్క మీరే వేసుకోండి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రభుత్వ పాలిటెక్నిక్ షెడ్లలో ఖాళీగా ఉన్న లేత్‌లూ, ఎక్కడో కవరు కూడా విప్పని 3డి స్కానర్లూ వారానికి ఒక పూట ఇలాంటి పనికి తెరవండి. పాత ముక్కలను కొలిచి, డ్రాయింగులు గీసి, అందరికీ అందేలా పెట్టండి. పిల్లలకు ప్రాజెక్టు అవుతుంది, మా కార్లకు ముక్క దొరుకుతుంది. ఆ పాటర్న్ మేస్త్రిని నెలకు రెండు రోజులు పిలిచి నాలుగు మాటలు చెప్పించండి. బస్సు చార్జీ నేనిస్తాను.

ఈ ఉత్తరాన్ని కత్తిరించి వేస్తారని తెలుసు. ఫొటో సవరణ మాత్రం వేయండి: అది ఫియట్ 1100.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
సత్యనారాయణపురం, విజయవాడ