కూలెంట్ మార్చారు, గాలి తీయలేదు: మీ తిరుపతి సర్వీస్ సెంటర్ మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: కూలెంట్ మార్చిన తర్వాత సిస్టమ్‌లో గాలి వదిలేయడం, బండి ఘాట్ రోడ్డులో హీటెక్కడం, తప్పుడు ఎస్టిమేట్ ఇవ్వడం గురించి.

నమస్కారం. తిరుపతిలోని మీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో మా పెట్రోల్ కారుకి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మార్చారు, రేడియేటర్ పై పైపు చెమ్మ కారుతోందని అదీ మార్చారు, డబ్బులు కట్టించుకుని కారు కడిగి తాళాలు చేతికిచ్చారు. లోపల ఇరుక్కున్న గాలి మాత్రం తీయలేదు. ఆ గాలి వల్లే బండి తిరుమల ఘాట్‌లో హీటెక్కి ఆగిపోయింది. ఆ తర్వాత అదే సెంటర్ వాళ్ళు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ దాని పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందని 46,000 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. గ్యాస్కెట్ పోలేదు, అది రుజువైంది కూడా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బండి ఇంటికి తెచ్చుకున్నప్పటి నుంచే డ్యాష్‌బోర్డు వెనకాల బుడబుడమని నీళ్ళు కదులుతున్న శబ్దం వచ్చేది, పొద్దున స్టార్ట్ చేయగానే మరీ ఎక్కువ. ఫోన్ చేసి అడిగితే మీ సర్వీస్ అడ్వైజర్ "కొత్త కూలెంట్ కదా సార్, గాలి ఉన్నా దానంతటదే పోతుంది, టెన్షన్ పడొద్దు" అన్నాడు. కొన్ని బండ్లలో ఆ మాట నిజమే, కూలెంట్ డబ్బా అన్నిటికంటే ఎత్తులో ఉండి గాలి అక్కడికి చేరిపోయేలా కడతారు. మా బండి అలాంటిది కాదు. ఇందులో హీటర్ పైపులు రేడియేటర్ మూత కంటే ఎత్తులో ఉన్నాయి, గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి అక్కడే గూడు కట్టుకుంటుంది. ఈ సంగతి మీ ఇంజనీర్లకు తెలుసు కాబట్టే హీటర్ పైపు మీద గాలి వదలడానికి చిన్న స్క్రూ పెట్టారు. తయారు చేసినవాళ్ళు పెట్టిన స్క్రూని సర్వీస్ చేసేవాళ్ళు ముట్టుకోకపోతే ఏం లాభం?

పాపకి పుట్టెంట్రుకలు తీయించాలని మా అమ్మ, నా భార్య, పాపతో కొండకి బయలుదేరాం. మే నెల ఎండ, తిరుపతిలో ఆ ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అలిపిరి చెకింగ్ దాటేదాకా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. మలుపులు మొదలై బండి సెకండ్ గేర్‌లో లాగుతుంటే ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది, దబ్బున కిందికి పడింది, మళ్ళీ లేచి ఈసారి ఎర్రగీత దగ్గరే నిలబడిపోయింది. ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టాను, ఇంజన్ వేడి కొంతైనా తగ్గుతుందని. వేడిగాలి రాలేదు, బయటి గాలే వచ్చింది. ఇంజన్ అంత వేడి మీద ఉన్నప్పుడు హీటర్ వేడిగా ఊదలేదంటే దాని పైపుల్లో తిరగాల్సిన కూలెంట్ తిరగడం లేదన్నమాట. ముల్లు అలా ఎగిరి పడడానికి కారణం కూడా ఇదే అని తర్వాత తెలిసింది, సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన వేడి చూపిస్తుంది, చుట్టూ గాలో ఆవిరో చేరితే ముల్లుని నమ్మడానికి లేదు.

పక్కకి తీసి ఆపేశాను. బోనెట్ కింద నుంచి ఆవిరి, వెనక సీట్లో పాప ఏడుపు, మా అమ్మ గోవిందా గోవిందా అనుకుంటూ కూర్చుంది. వెనకాలే వచ్చిన జీపు డ్రైవరు ఒకాయన దిగి వచ్చి, "మూత జోలికి పోవద్దన్నా, మొగం కాలిపోతాది" అని గట్టిగా చెప్పి, ఆడవాళ్ళని, పాపని తన జీపులో పైకి తీసుకెళ్ళాడు. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపిన నీళ్ళు మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మూత బిగించి లోపల ప్రెషర్ ఉంటే 125 డిగ్రీలు దాటేదాకా మరగవు. ఆ వేడి మీద మూత తీస్తే ప్రెషర్ పోయి లోపలున్నదంతా ఒక్కసారి మరిగి మీదికి చిమ్ముతుంది. ఆ సమయానికి ఆ డ్రైవరు రాకపోయి, ఎవరైనా తెలియనివాళ్ళు సాయం చేస్తామని మూత తిప్పి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

టో చేయించి మీ సెంటర్‌కే తెచ్చాను. మీవాళ్ళు బోనెట్ ఎత్తి చూసి, ఏ పరీక్షా చేయకుండానే "గ్యాస్కెట్ సార్, హెడ్ దించాల్సిందే" అన్నారు. పైగా "ఘాట్‌లో గట్టిగా తొక్కి ఉంటారు" అని నా మీదికే తోశారు. అలిపిరి నుంచి పైకి 28 నిమిషాల కంటే ముందు చేరితే జరిమానా వేసే రోడ్డది, అక్కడ తొక్కడానికి ఏముంది? ఘాట్‌లో ఇబ్బంది వేగం వల్ల కాదు. చిన్న గేర్‌లో ఇంజన్ ఎక్కువ కష్టపడుతుంది, బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి రేడియేటర్‌కి ఎదురుగాలి తక్కువ. ఊళ్ళో తిరిగేటప్పుడు ఎలాగో నెట్టుకొచ్చిన సిస్టమ్ అక్కడ బయటపడిపోతుంది. వాటర్ పంపు ద్రవాన్నే తోయగలదు, మధ్యలో గాలి అడ్డం పడితే కూలెంట్ ముందుకు కదలదు.

హెడ్ దించనివ్వకుండా ఇన్‌స్పెక్షన్ ఛార్జీ కట్టి బండి ఇంటికి తెచ్చుకున్నాను. చిత్తూరులో మా మామ నమ్మే పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఆయన్ని తిరుపతికే పిలిపించాం. ఆయన చేసిన పని మొత్తం పక్కనే నిలబడి చూశాను, ఫోన్‌లో వీడియో తీశాను. మీ వర్క్‌షాప్‌లో జరగాల్సింది ఇదే.

ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టలేదు. మా వీధి చివర ఎత్తుగా ఉన్నచోట కారు ముక్కు పైకి ఉండేలా నిలబెట్టి, హీటర్‌ని ఫుల్ వేడికి, ఫ్యాన్‌ని తక్కువకి పెట్టాడు. మూత తీసి గరాటు బిగించాక హీటర్ పైపు మీదున్న స్క్రూ దగ్గరికి వంగి చూసి, "దీన్ని ఎవురూ ముట్టుకోలేదు సార్, గాడి నిండా మట్టి అట్లే ఉండాది" అని నాకు చూపించాడు. నిజంగానే స్క్రూడ్రైవర్ దిగడానికి మట్టి గీకాల్సి వచ్చింది. ఆ ఫొటో జతచేస్తున్నాను, దయచేసి పెద్దది చేసి చూడండి. స్క్రూ వదులు చేసి కూలెంట్ సన్నటి ధారగా పోస్తుంటే ముందు ఉస్సుమని గాలి, తర్వాత నురగ, తర్వాత చుక్కలు, చివరికి తెగకుండా ధార వచ్చింది. అప్పుడు స్క్రూ బిగించి ఇంజన్ స్టార్ట్ చేశాడు. గుడ్డ పట్టుకుని పైపుల్ని పిసుకుతూ ఉంటే గరాటులో గుప్పుగుప్పున బుడగలు. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకోగానే గరాటులో మట్టం ఒక్కసారిగా దిగిపోయింది, మళ్ళీ పోశాడు. కింది పైపు కూడా వేడెక్కి, హీటర్ నుంచి అసలైన వేడిగాలి వచ్చి, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం చూసేదాకా అక్కడి నుంచి కదల్లేదు. బుడగలు పూర్తిగా ఆగిపోయాయి. గ్యాస్కెట్ పోయి ఉంటే సిలిండర్ లోంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది, బుడగలు ఆగవు. ఆయన అంతటితో వదల్లేదు, రేడియేటర్ నోటి దగ్గర నీలిరంగు ద్రవం ఉన్న టెస్టర్ పెట్టి చూశాడు. గ్యాస్ తగిలితే పసుపు రంగుకి మారాలి, నీలంగానే ఉండిపోయింది. మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ మట్టం చూసి కొంచెం పోశాం.

మొత్తం మీద లీటరుకు పైనే పట్టింది. మీ బిల్లులో 4 లీటర్లు పోసినట్టుంది, మీ మాన్యువల్ ప్రకారం పట్టాల్సింది 5 లీటర్లకు పైన. ఇంజన్ బ్లాకులో పాతది కొంత మిగులుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను, కొంత ఘాట్‌లో ఆవిరై పోయి ఉంటుంది. కానీ మట్టి నిండిన ఆ స్క్రూకి మీవాళ్ళు ఏం సమాధానం చెప్తారు? సెలైన్ ఎక్కించే నర్సు ముందు గొట్టంలో గాలి వదిలి కానీ సూది కలపదు, అది ఆమె అదనంగా చేసే పని కాదు, పనిలో భాగమే. కూలెంట్ మార్చడంలో గాలి తీయడమూ అంతే. ఇంకొంచెం సేపు అదే వేడి మీద నడిపి ఉంటే అల్యూమినియం హెడ్ వంకర పోయేది, అప్పుడు మీ ఎస్టిమేట్ నిజమైపోయేది, తప్పు ఎవరిదో నిరూపించడానికి నా దగ్గర ఏమీ మిగిలేది కాదు. దీన్ని తలుచుకుంటేనే నాకు ఎక్కువ కోపం వస్తోంది.

నాకు కావాల్సింది ఇది. కూలెంట్ మార్చినందుకు తీసుకున్న లేబర్, టోయింగ్ ఖర్చు, ఇన్‌స్పెక్షన్ ఛార్జీ, చిత్తూరు మెకానిక్‌కి ఇచ్చిన డబ్బు వాపస్ ఇవ్వాలి. పరీక్ష చేయకుండా గ్యాస్కెట్ పోయిందని ఎలా రాశారో రాతపూర్వకంగా చెప్పాలి, ఫోన్‌లో సారీ చెప్తే ఒప్పుకోను. జాబ్ కార్డులో "కూలెంట్ మార్చాం" అన్న లైన్ కింద "గాలి తీశాం, హీటర్ వేడి వచ్చింది, ఫ్యాన్ ఆన్ ఆఫ్ చూశాం, చల్లారాక మట్టం చూశాం" అని టెక్నీషియన్ సంతకం పెట్టే లైన్ కూడా చేర్చాలి. అన్నిటికంటే ముందు, ఈ మధ్య అక్కడ కూలెంట్ మార్పించుకున్న వాళ్ళందరికీ ఫోన్ చేసి బండ్లు ఉచితంగా చెక్ చేయండి. ఇది తిరుపతి, ఇక్కడ సర్వీస్ అయిన బండి ఎప్పుడో ఒకప్పుడు ముసలివాళ్ళనీ పసిపిల్లల్నీ ఎక్కించుకుని కొండెక్కుతుంది.

15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

జతచేసినవి: సర్వీస్ బిల్లు, జాబ్ కార్డు, గ్యాస్కెట్ ఎస్టిమేట్, టోయింగ్ రసీదు, స్క్రూ ఫొటో, గాలి తీసినప్పటి వీడియో, టెస్టర్ ఫొటో. బండి నంబరు, నా ఫోన్ నంబరు బిల్లు మీదే ఉన్నాయి. ఫోన్ చేస్తే సాయంత్రం 6 తర్వాత చేయండి, వర్క్‌షాప్ గురించి తెలిసిన మనిషే మాట్లాడాలి.

ఇట్లు,
మీ కస్టమర్,
తిరుపతి