ఏ కాగితం మీద సంతకం పెట్టాలి?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది నెల దాటింది. ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరం క్షేమంగా ఉన్నాము, నాన్నగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, నీవు అడిగిన నిఘంటువు దొరికింది. మిగిలిన కబుర్లన్నీ తరవాత రాస్తాను. నెల రోజులుగా కలం పట్టుకున్నప్పుడల్లా గ్రంథాలయ అధికారికి రాయవలసిన బహిరంగ లేఖే నా ముందు ఉండేది. అది నిన్న రాత్రి పూర్తయింది. ఆ కథ నీకు చెబితే తప్ప నా మనసు కుదుటపడదు.

రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉండే పఠనమందిరాన్ని ఇప్పుడు ఆరింటికే మూసేస్తున్నారు. రెండుసార్లు వినతిపత్రం ఇచ్చాము, రెంటికీ జవాబు రాలేదు. ఇక అందరూ చదివేలా రాయవలసిందేనని నిశ్చయించుకుని, ఒక రాత్రి కూర్చుని ఏకబిగిన ఏడు పేజీలు రాశాను. చదువు విలువ, పాలకుల బాధ్యత, మా ఆవేదన అన్నీ అందులో ఉన్నాయి. మనిద్దరం హాస్టల్లో ‘తోరణాలు’ అని పేరు పెట్టుకున్నామే, ఆ అలంకారపు మాటలు ప్రతి వాక్యానికీ రెండేసి వేలాడుతున్నాయి.

మరునాడు దానిని మా పిన్నికి చదివి వినిపించాను. ఆమె ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు చూసిన మనిషి. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు చెప్పకుండా ఏడు పేజీలూ విని, చివరికి ఇలా అడిగింది: “బాగుంది నాన్నా. ఇంతకీ ఆయన రేపు ఆఫీసుకు వెళ్ళి ఏ కాగితం మీద సంతకం పెట్టాలి?”

నా దగ్గర సమాధానం లేదు. కాగితాలు మళ్ళీ తిరగేసి చూశాను. ఆయన చేయవలసిన పని ఏమిటో ఏ పేజీలోనూ లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన దిగులు ఇంతా అంతా కాదు. అయితే ఆ రాత్రే కొత్త కాగితం తీసుకుని, అన్నిటికన్నా ముందు చివరి వాక్యం రాశాను: ‘సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు పఠనమందిరాన్ని తిరిగి తెరిచేలా వచ్చే నెల ఒకటో తేదీలోగా ఉత్తర్వు ఇవ్వండి.’ ఇక మిగిలిన ప్రతి వాక్యాన్నీ దీని పక్కన పెట్టి, ఈ ఉత్తర్వుకు ఇది ఏ రకంగా దారి తీస్తుందని అడగడం మొదలుపెట్టాను. ఏడు పేజీలలో నిలిచినవి పదకొండు వాక్యాలు.

ఆ తరవాత 1930 మార్చి 2న గాంధీగారు వైస్రాయి ఇర్విన్‌కు రాసిన లేఖను మళ్ళీ చదివాను. ‘ప్రియ మిత్రమా’ అంటూ ఆ లేఖ మొదలవుతుంది. వైస్రాయి జీతం నెలకు 21,000 రూపాయలకు పైమాటేనని, సగటు భారతీయుడి ఆదాయం రోజుకు రెండణాలు కూడా లేదని, అంటే అది ఐదువేల రెట్లకు మించిన తేడా అని అందులో లెక్క కట్టి చూపారు. ఆ వెంటనే, మీకు ఆ జీతం అవసరం లేదని నాకు తెలుసు, బహుశా అంతా దానధర్మాలకే పోతుందేమో అని కూడా రాశారు. అంకె వ్యవస్థకు తగిలింది, మనిషి గౌరవం మాత్రం చెక్కుచెదరలేదు. చర్య తీసుకోకపోతే మార్చి 11న ఉప్పు చట్టాన్ని ధిక్కరించడానికి బయలుదేరుతానని తేదీతో సహా చెప్పారు. వైస్రాయి కార్యదర్శి నుంచి పొడి జవాబు వచ్చింది, 12న నడక మొదలైంది. లేఖ కోరినది దక్కకపోయినా, దానిని చదివిన ప్రజలకు ఆ నడక ఎందుకో ముందే తెలుసు.

బహిరంగ లేఖలోని కష్టమంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. దానిని ఒకరి పేరున రాస్తాము, వేలమంది వింటారు. వినేవారి మెప్పు కోసం ఆ ఒక్కరినీ తూలనాడితే, ఆయన మనసు మార్చుకోవాలనుకున్నా పరువు అడ్డొస్తుంది. ఆయన తలెత్తుకుని వెనక్కి తగ్గడానికి ఒక దారి వదలాలి. అందుకే ‘సిబ్బంది కొరత నిజమేనని మేము ఒప్పుకుంటున్నాము, ఆ మూడు గంటలూ వంతులవారీగా వచ్చి సహాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాము’ అని చేర్చాను. ఆ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

‘సాయంత్రం ఎవరూ రావడం లేదు’ అన్నది వారి ముఖ్యమైన అభ్యంతరం. దానికి విశేషణాలతో జవాబు చెప్పలేము కనుక, నోటుపుస్తకం పట్టుకుని తొమ్మిది సాయంత్రాలు మెట్ల దగ్గర కూర్చున్నాను. వచ్చి వెనుదిరిగిన ప్రతి మనిషికీ ఒక గీత గీశాను. పని బట్టల మీదే వచ్చిన ఒకాయన, బోర్డు చదివి కూడా నమ్మకం కుదరక, తాళాన్ని ఒకసారి కదిపి చూసి వెళ్ళాడు. మరునాడూ వచ్చాడు, మరునాడూ కదిపాడు. లేఖ మొదటి వాక్యంలో ఇప్పుడు ఆ తాళమే ఉంది.

1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి నల్లజాతివారి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ కూడా ఇదే పద్ధతిలో సాగుతుంది. ఎనిమిది మంది మతాచార్యులు ఆయనను బయటివాడన్నారు, నిరసనలకు ఇది సమయం కాదన్నారు. ఆయన వారి మాటలనే ఒక్కొక్కటిగా ఎత్తుకుని, మర్యాద తప్పకుండా జవాబు చెప్పారు. ఆ లేఖ తొలి భాగాలను వార్తాపత్రిక అంచుల మీద రాశారన్న సంగతి తలచుకుంటే... సరే, దాని గురించి మరోసారి వివరంగా రాస్తాను.

సంతకాల దగ్గర ఇంకొక చిక్కు వచ్చింది. ‘మీ నిర్లక్ష్యం’ అన్న మాట దగ్గర ఒక ఉపాధ్యాయురాలు ఆగి, దీనిని రుజువు చేయగలమా అని అడిగారు. నాకు కోపం వచ్చింది. ఆమె అడిగినది న్యాయమేనని తెల్లవారాక గాని ఒప్పుకోలేకపోయాను. 1898 జనవరి 13న, చేయని దేశద్రోహానికి శిక్ష పడిన సైనికాధికారి డ్రేఫస్ పక్షాన, ఫ్రాన్సు అధ్యక్షుడికి ఫ్రెంచి రచయిత జోలా రాసిన లేఖలో పేరుపేరునా నేరారోపణలు చేశారు. ఏ చట్టం కింద తన మీద కేసు పెట్టవచ్చునో కూడా ఆయనే చివర్లో రాసి, ఆ తరవాత ఏడాది జైలుశిక్ష వేయించుకున్నారు. తన ఒంటి మీదికి తెచ్చుకునే ప్రమాదం అది. మా లేఖ మీద సంతకం చేసేవారిలో ఉద్యోగులున్నారు, విద్యార్థులున్నారు. నా కోపానికి వారు మూల్యం చెల్లించకూడదు. ఆ మాట కొట్టేసి, రెండు వినతిపత్రాలు ఇచ్చిన తేదీలు వేసి, ‘నేటి వరకు జవాబు అందలేదు’ అని మాత్రమే రాశాను. ఆమె మళ్ళీ చదివి, కలం అడిగి తీసుకున్నారు.

నిన్న రాత్రి ఒకటిన్నర పేజీల ప్రతిని పిన్నికి వినిపించాను. ఆమె చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుని, తేదీని వేళ్ళ మీద లెక్కపెట్టి, “ఈ గడువు చాలుతుంది, ఫైలు కదులుతుంది” అంది. నీకు మాత్రమే అర్థమయ్యేలా చెప్పాలంటే, నాకు ఆ వర్షపు రాత్రి ఫలితాల బోర్డు ముందు నిలబడినట్టే అనిపించింది.

పత్రికకు పంపడానికి రెండు రోజుల ముందు దీనిని అధికారికి స్వయంగా అందజేయాలని అనుకున్నాము, తన పేరున రాసిన లేఖను ఆయనే అందరికన్నా ముందు చదవాలి కదా. ఇంకొక ప్రతి నీకోసం ఇందులో పెడుతున్నాను. మూడో పేరా ఇంకా బరువుగా ఉందేమోనన్న అనుమానం నాకుంది, ఎక్కడ తగ్గించాలో నీవు గీత పెట్టి వెంటనే పంపు. ఉపాధ్యాయురాలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఆఫీసు తెరిచే వేళయింది, వెళ్ళాలి.

నీ
మిత్రుడు