నీ ఏడడుగుల సెంటర్ సంగతి

ఒరేయ్ మిత్రమా,

బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలో జట్టు పెట్టావని, వచ్చీ రాగానే ఉన్న డబ్బంతా పోసి ఏడడుగుల సెంటర్‌ను, అంటే బుట్ట దగ్గర ఆడేవాణ్ని, కొన్నావని చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. "ఇంత పొడుగువాడు, ఇంత జీతం తీసుకుంటున్నాడు, అయినా ఎందుకు ఓడిపోతున్నాం?" అని అడిగావు. ముందు ఆ పొడుగు గొడవ వదిలెయ్. మ్యాచ్‌లో దాంతో ఒరిగేదేమీ లేదు! రీబౌండ్, అంటే గురితప్పి తిరిగొచ్చిన బంతి, పట్టేది రీబౌండింగ్ నైపుణ్యం, షాట్‌ను అడ్డుకునేది షాట్ బ్లాకింగ్. ఎత్తు అక్కరకొచ్చేది శిక్షణలోనే. పొడుగువాళ్లకు ఇన్‌సైడ్, అంటే బుట్ట దగ్గరి, విద్యలు, పొట్టివాళ్లకు బంతి నడిపించే గార్డుల విద్యలు తొందరగా అబ్బుతాయి.

ఇక జీతం. అది మంచి ఆటగాడని ఇచ్చే యోగ్యతాపత్రం కాదు. సెంటర్ జీతంలో సింహభాగం ఇన్‌సైడ్ షాట్, ఇన్‌సైడ్ డిఫెన్స్, రీబౌండింగ్‌లదే. ఆ మూడూ పైకెళ్లే కొద్దీ జీతం చక్రవడ్డీలా పెరుగుతుంది. హ్యాండ్లింగ్ (బంతిని అదుపులో ఉంచుకోవడం), పాసింగ్‌లను ఆ లెక్క దాదాపు పట్టించుకోదు. కిటుకంతా అక్కడే ఉంది. నీవాడి పేజీ మళ్లీ తెరిచి చూడు. ఆ మూడూ 14వ స్థాయి దగ్గర వెలిగిపోతుంటాయి, హ్యాండ్లింగ్, పాసింగ్ మాత్రం 3 దగ్గర మూలుగుతుంటాయి. అలాంటివాడు బంతి పోగొట్టుకుంటాడు, చేతికొచ్చిన బంతిని సరైనవాడికి అందించలేడు. నేనైతే ఆ మూడూ 11 (ఆటలో ఆ స్థాయి పేరు ప్రోలిఫిక్), హ్యాండ్లింగ్, పాసింగ్ 7 (దాని పేరు రెస్పెక్టబుల్) ఉన్నవాణ్ని కళ్లు మూసుకుని తీసుకుంటాను. మిగిలిన జీతంతో ఒక మంచి గార్డు వస్తాడు. లోపలికి బంతి అందించేవాడు లేకపోతే నీ మహాకాయుడు ఎవరికోసం నిలబడ్డట్టు?

మ్యాచ్ అయ్యాక కనిపించే రేటింగ్‌ను చూసి కూడా మురిసిపోకు. అదే ఆటగాడు ఒక వారం మెరిసి, మరో వారం చతికిలపడతాడు. గేమ్ షేప్, అంటే ఆ వారం వాడి ఫామ్, పడిపోతే నైపుణ్యాలు ఎంత ఉన్నా ఆట మందగిస్తుంది. వారంలో మూడు మ్యాచ్‌లూ వాణ్నే చివరిదాకా ఆడిస్తున్నావని నా అనుమానం. మొత్తం మీద 60 నుంచి 70 నిమిషాల మధ్య ఉంచు, చాలు.

పొటెన్షియల్ అంటే ఎంతవరకు ఎదగగలడన్న కొలత. అందులో అట్టడుగు మెట్టు పేరేమిటో తెలుసా? అనౌన్సర్! ఆట రాదు, మైకు పట్టుకోమని చెప్పడమన్నమాట. తయారుచేసిన వాళ్లకు వెటకారం బాగానే ఉంది. తన పొటెన్షియల్ హద్దు దగ్గరికి వచ్చినవాడిమీద శిక్షణ పెడితే నత్తనడకే.

శిక్షణ అంటావా, పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రాళ్లకే పెట్టు. పెద్దవాళ్లకు నెమ్మదిగా ఎక్కుతుంది. పూర్తి ఫలితం రావాలంటే వారంలో ఆ స్థానంలో 48 నిమిషాలు ఆడాలి. సెంటర్ కుర్రాడికి పాసింగ్ నేర్పాలంటే వాణ్ని పాయింట్ గార్డుగా నిలబెట్టక తప్పదు. చూడటానికి అదో నరకం, అందుకే అలాంటివి స్నేహపూర్వక మ్యాచ్‌లలోనే చేయించు, లీగ్‌లో పరువు పోకుండా ఉంటుంది. పొడుగువాడైతే ఇంకా ఓపిక పట్టాలి, పైన చెప్పానుగా.

నీ సెంటర్‌ను బజారులో పెట్టు. పొడుగు చూసి ఎగబడేవాడు నీలాగే ఇంకొకడు దొరుకుతాడు. శుక్రవారం శిక్షణ లెక్క తేలేలోపు ఒక కుర్రాణ్ని కొని, వాడి నైపుణ్యాలన్నీ రాసి పంపు. ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

నీ
పాత జతగాడు