ఆదివారం కౌన్సెలింగ్, సత్ప్రవర్తన జాబితా: హోం మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ణి. ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాల్లోనూ, ఆ తరువాతా, అధికారుల అనుమతితో సెలవు రోజుల్లో జైలుకు వెళ్లి, హత్య, హత్యాయత్నం కేసుల్లో శిక్ష పడినవారితో మాట్లాడుతూ వచ్చాను. నాకు ఏ పదవీ అక్కర్లేదు, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. మీ శాఖ చేస్తున్న రెండు పనుల్లో, అంటే రౌడీషీటర్ల కౌన్సెలింగ్‌లో, సత్ప్రవర్తన గల ఖైదీల విడుదలలో, మనస్తత్వ నిపుణుడు కూర్చోవలసిన కుర్చీ ఖాళీగా ఉందని చెప్పడానికే ఈ లేఖ.

మొదటి పని మీకు బాగా తెలిసినదే. మన పట్టణాల్లో ఆదివారం ఉదయం రౌడీషీట్లు ఉన్నవారిని స్టేషన్‌కు పిలిపించి, వరుసగా నిలబెట్టి, తోక జాడిస్తే తాట తీస్తామని హెచ్చరించి పంపుతారు. మర్నాడు జిల్లా పేజీలో ‘రౌడీషీటర్లకు కౌన్సెలింగ్’ అన్న వార్త, ఫొటోతో సహా వస్తుంది. పోలీసుల నిఘా అవసరాన్ని నేను కాదనడం లేదు. కానీ కౌన్సెలింగ్ అంటే ఎదుటివాడు మాట్లాడేది, మనం వినేది. ఆ గంటసేపట్లో నిలబడ్డవాడి నోటి నుంచి ‘సరే సార్’ తప్ప మరో మాట రాదు. పెద్దవాళ్లు భయపెట్టడం వల్ల కుర్రవాళ్లు దారికి వస్తారన్న నమ్మకాన్ని అమెరికాలో దశాబ్దాల పాటు పరీక్షించి చూశారు. దారి తప్పుతున్న పిల్లలను జైళ్లకు తీసుకువెళ్లి, కరడుగట్టిన ఖైదీల చేత బెదిరింపజేసిన కార్యక్రమాలన్నిటి ఫలితాలనూ కలిపి చూస్తే, అలా వెళ్లి వచ్చిన పిల్లలే, వెళ్లని పిల్లలకన్నా ఎక్కువగా నేరాలు చేసినట్టు తేలింది. పదిమంది ముందు అవమానపడ్డ కుర్రవాడికి తన తోటివాళ్ల దగ్గర పోయిన పరువును తిరిగి సంపాదించుకోవలసిన అవసరం ఏర్పడుతుంది. దానికి అతనికి తెలిసిన దారి ఏదో మీకు చెప్పనక్కరలేదు.

హింస అనగానే మన పత్రికలు వాడే మాటలు రెండు: ‘సైకో’, ‘క్షణికావేశం’. రెండూ ఆలోచనను ఆపేసే మాటలే.

2021 జనవరిలో మదనపల్లెలో, అధ్యాపక వృత్తిలో ఉన్న తల్లిదండ్రులు తమ ఇద్దరు కూతుళ్లు మళ్లీ బతికి వస్తారన్న నమ్మకంతో వారిని చంపారన్న కేసు రాష్ట్రాన్ని కుదిపింది. నిందితులను తిరుపతి రుయా ఆసుపత్రిలో పరీక్షించి విశాఖపట్నం మానసిక వైద్యశాలకు పంపారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కూతురు కులాంతర వివాహం చేసుకుందన్న కక్షతో తండ్రే కిరాయి హంతకులకు డబ్బిచ్చి అల్లుణ్ణి ఆసుపత్రి ఎదుటే నరికించాడన్న కేసులో, నల్లగొండ కోర్టు 2025 మార్చిలో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఒకచోట వాస్తవంతో తెగిపోయిన నమ్మకం, మరొకచోట బేరం కుదుర్చుకుని, రెక్కీ చేసి, రోజు ఎంచుకుని చేసిన పని. రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే రెంటికీ చేయవలసినదేమిటో తెలియకుండా పోతుంది. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. పైగా వారే ఇతరుల హింసకు గురయ్యే అవకాశం ఎక్కువ. పశ్చాత్తాపం, జాలి లేని స్వభావాన్ని కొలవడానికి కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ తయారు చేసిన కొలమానం ప్రకారం చూసినా, ఆ కోవకు వచ్చేవారు జైళ్లలో సైతం కొద్దిమందే. మిగతావారి సంగతేమిటి?

మిగతావారి సంగతి జాతీయ నేర గణాంకాల్లోనే ఉంది. 2022లో దేశంలో నమోదైన 28,522 హత్య కేసుల్లో 9,962 తగాదాల వల్ల, 3,761 వ్యక్తిగత కక్షల వల్ల జరిగినవి. లాభం కోసం చేసినవి 1,884. అంటే మనం భయపడవలసిన మనిషి ముసుగు వేసుకుని చీకట్లో వచ్చే అపరిచితుడికన్నా, గట్టు తగాదా ఉన్న పక్కపొలం రైతూ, అనుమానం పెంచుకున్న భర్తా, తాగి వచ్చిన తమ్ముడూ కావడానికే అవకాశం ఎక్కువ. అత్యాచార కేసుల్లోనూ నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవారు.

ఈ హత్యలనే పత్రికలు ‘క్షణికావేశంలో’ అని రాస్తాయి. నేను మాట్లాడిన ఖైదీలూ మొదటి రోజు అదే మాట చెప్పేవారు. నాలుగో వారానికో, అయిదో వారానికో ఆ క్షణం వెనక్కి సాగడం మొదలయ్యేది. ఆ క్షణానికి ముందు ఆరు నెలల నిద్రలేని రాత్రులు ఉండేవి. రచ్చబండ దగ్గర ఎవరో నవ్విన నవ్వు ఉండేది, అది తనను చూసే నవ్వారన్న నిశ్చయం ఉండేది. ఎదుటివాడి అస్పష్టమైన చూపునూ మాటనూ శత్రుత్వంగానే చదువుకునే ఈ అలవాటు గురించి మనస్తత్వశాస్త్రంలో నలభై ఏళ్లకు పైగా పరిశోధన ఉంది. చిన్నతనంలో ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో, ఎప్పుడు ఎటువైపు నుంచి దెబ్బ పడుతుందో తెలియక పెరిగినవారిలో ఇది బలంగా కనిపిస్తుంది. ఆ ఇంట్లో అది వాళ్లను కాపాడిన తెలివే, బయటి ప్రపంచంలో అదే వాళ్లను కత్తి వైపు తీసుకుపోతుంది. జరిగిన అవమానాన్ని పదే పదే నెమరు వేసుకోవడం రెండో మెట్టు. మద్యం మూడోది. కోపాన్ని పుట్టించేది మద్యం కాదు, కోపానికీ చేతికీ మధ్య ఉండే ఆ కాస్త ఆగుడును తీసేసేది మాత్రం అదే. ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చిన మనిషి చెయ్యి ఎత్తే వేళకు శిక్షాస్మృతిలో ఏ సెక్షన్ కింద ఎన్నేళ్లు పడతాయో లెక్క వేసుకుంటాడని మనం అనుకుంటున్నాం. కానీ ఎంత పెద్ద శిక్ష అన్నదానికన్నా, దొరికిపోవడం ఎంత ఖాయం అన్నదే మనిషిని ఎక్కువగా ఆపుతుందన్నది నేరశాస్త్రంలో దాదాపు అందరూ అంగీకరించిన విషయం.

అయినా ప్రతి ఘోరం తరువాతా మనం శిక్ష వైపే పరుగెత్తుతాం. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున తెలంగాణలోని చటాన్‌పల్లి వంతెన దగ్గర, ఒక పశువైద్యురాలి హత్యాచార కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సరిగ్గా వారానికి, డిసెంబరు 13న, మన శాసనసభ ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, నేరం రుజువైతే ఉరి అంటూ దిశ బిల్లును ఆమోదించింది. అది చట్టంగా అమల్లోకి రాలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, ఆ కాల్పులు చంపే ఉద్దేశంతో జరిపినవేననీ, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లనీ 2022లో తేల్చింది. ఆ అమ్మాయి తల్లిదండ్రుల కడుపుకోత ముందు నా వాదన చిన్నదేనని నాకు తెలుసు. నేనూ ఆడపిల్లల తండ్రినే, ఆ ఉదయం వార్త విని నాకు కోపం రాలేదని చెప్పను. కానీ లారీల మీద పనిచేసే ఆ కుర్రవాళ్లు ఆ రాత్రికి ఎలా చేరారన్న ప్రశ్నకు జవాబు, అలాంటి మరో రాత్రిని ఆపడానికి పనికివచ్చేది, వారితోనే పోయింది.

పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో తప్పుదారి పట్టేవారిలో చాలామంది పాతికేళ్లు దాటేసరికి వాళ్లంతట వాళ్లే మానేస్తారనీ, బాల్యం నుంచే మొదలై జీవితమంతా కొనసాగించేవారు చిన్న సమూహమనీ మనస్తత్వవేత్త టెర్రీ మోఫిట్ 1993లో ప్రతిపాదించారు. ఎవరు ఏ కోవలో ఉన్నారో తెలుసుకోవడానికి శిక్షణ పొందిన కన్ను కావాలి. బాలల న్యాయ చట్టం 15వ సెక్షన్ కింద, ఘోర నేరం ఆరోపణ ఉన్న 16 ఏళ్లు దాటిన బాలుణ్ణి పెద్దవాడిగా విచారించాలా వద్దా అని తేల్చేటప్పుడు, బాలల న్యాయ బోర్డులో బాల మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటి నిపుణుల సాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022 జూలైలో చెప్పింది. మన బోర్డులకు ఆ సాయం అందుతున్న తీరును ఒకసారి తెప్పించుకుని చూడండి.

నేరం రక్తంలోనే ఉంటుందన్న నమ్మకం మీ శాఖ పూర్వీకులకు ఒకప్పుడు చట్టమే. 1871లో, కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసే నేరస్థ తెగల చట్టం వచ్చింది. అయిదేళ్లకు ఇటలీలో లాంబ్రోసో పుట్టు నేరస్థుల సిద్ధాంతం ప్రకటించాడు. శాస్త్రం కన్నా సర్కారే ముందుందన్నమాట! మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ చట్టం నీడలో ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టిన సెటిల్‌మెంటే ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం. పుట్టిన బిడ్డకు కూడా ఆ ముద్ర తప్పలేదు. 1952లో చట్టం రద్దయింది, ముద్ర పోలేదు. 1970లలో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, ఆయన భార్యా కవి జాషువా కుమార్తే అయిన హేమలత ఆ ఊళ్లోకి వెళ్లి ఏం చేశారో మన రాష్ట్రానికి గుర్తుండాలి. వాళ్లు బెదిరించలేదు. ఇళ్లకు వెళ్లారు, ఆడవాళ్లతో మాట్లాడారు, పిల్లలను బడిలో వేయించారు, జైల్లో ఉన్నవారిని కలిశారు, బయటకు వచ్చినవారికి బతుకుతెరువు చూపించమని ప్రభుత్వం వెంట పడ్డారు. దొంగతనమే వృత్తి అనిపించుకున్న కుటుంబాల పిల్లలు ఉద్యోగాలకు వెళ్లారు. వాళ్ల రక్తం మారలేదు, వాళ్ల చుట్టూ ఉన్నవి మారాయి. జైలు రికార్డుల్లో కులం గడిని తొలగించమనీ, ఆ పాత చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతుల వారిని అలవాటు పడ్డ నేరస్థులుగా చూడవద్దనీ సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పవలసి వచ్చిందంటే, లాంబ్రోసో మన రిజిస్టర్లలో ఇంకా బతికే ఉన్నాడని అర్థం.

రెండో పని జాబితా. గణతంత్ర దినోత్సవానికో, స్వాతంత్ర్య దినోత్సవానికో సత్ప్రవర్తన గల జీవిత ఖైదీలను ప్రభుత్వం విడుదల చేస్తుంది. మంచి ఆనవాయితీ, దానిని ఆపమని నేను అడగను. పోలీసుల నుంచి, ప్రొబేషన్ అధికారి నుంచి నివేదికలు తెప్పిస్తారనీ తెలుసు. నా సందేహమల్లా సత్ప్రవర్తన అన్న మాట మీదే. భార్యను అనుమానించి చంపినవాడు జైల్లో పన్నెండేళ్లు ఎవరితోనూ గొడవ పడకుండా గడిపాడంటే, అక్కడ భార్య లేదు, మందు లేదు, గట్టు లేదు. అతను కూరగాయలు పండించాడు, తోటివారికి ఉత్తరాలు రాసిపెట్టాడు, గార్డుల మన్నన పొందాడు. అవన్నీ నిజాలే. కానీ అతని చేతిని లేపిన ఆలోచన ఈ పన్నెండేళ్లలో ఒక్కసారైనా ఎవరి ముందైనా బయటికి వచ్చిందా? విడుదలకు దగ్గరపడ్డ అలాంటి ఖైదీ ఒకాయన నాతో, ‘తప్పు చేశాను సార్, అది అలాంటిది కాకపోతే చేసేవాణ్ణి కాదు’ అన్నాడు. ఆ వాక్యంలో మొదటి సగం ఆయన ఫైలులో ఉంది. రెండో సగం వినడానికి జైల్లో జీతానికి కుదిరిన మనిషి లేడు.

ఈ మాట అతిశయోక్తి కాదు. ప్రతి 500 మంది ఖైదీలకు ఒక మనస్తత్వ నిపుణుడు ఉండాలని 2016 నమూనా జైలు మాన్యువల్ చెబుతోంది. దేశం మొత్తం మీద 5.7 లక్షల మంది ఖైదీలకు పనిచేస్తున్న మానసిక నిపుణులు 25 మంది అని 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు లెక్క తీసింది. రాష్ట్రానికి ఒక్క జైలులోనైనా మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

నిపుణులు వచ్చి ఏం చేస్తారని మీ అధికారులు అడగవచ్చు. ఆలోచనను, కోపాన్ని, తొందరపాటును పట్టుకుని సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియరల్ శిక్షణను నెలల తరబడి చిన్న బృందాలతో చేస్తారు. 58 అధ్యయనాలను కలిపి చూసిన మార్క్ లిప్సీ బృందం, దీనివల్ల మళ్లీ నేరం చేసే అవకాశం సగటున నాలుగో వంతు తగ్గుతుందని 2007లో తేల్చింది. నాలుగో వంతే, పూర్తిగా కాదు. ఇది మందు బిళ్ల కాదని ముందే చెబుతున్నాను. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఇస్తే ఇది బాగా ఫలిస్తుంది, తక్కువగా ఉన్నవారిని వాళ్లతో కలిపి కూర్చోబెడితే చెడుపు జరగవచ్చు. అందుకే ముందు అంచనా, తరువాత శిక్షణ. ఆదివారం స్టేషన్ ముందు అందరినీ ఒకే వరుసలో నిలబెట్టే పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం.

కనుక నా విన్నపం ఇది. కేంద్ర కారాగారాలతో మొదలుపెట్టి శాశ్వత ప్రాతిపదికన మనస్తత్వ నిపుణుల పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయండి; ఆరు నెలల కాంట్రాక్టు మనిషికి ఏ ఖైదీ మనసు విప్పడు. జైలు నిపుణుడికి ఖైదీ చెప్పిన మాట కేసు ఫైలులోకి పోకుండా నియమం చేయండి, లేకపోతే అదీ ఇంకో ఇంటరాగేషనే. రౌడీషీటు ఉన్న కుర్రవాళ్లలో పాతికేళ్ల లోపు వారినైనా ఆ ఆదివారం వరుస నుంచి తీసి, పోలీసు దుస్తుల్లో లేని మనిషి దగ్గరకు పంపి చూడండి.

వచ్చే జాబితా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ప్రతి పేరు పక్కనా రెండు కాగితాలు అదనంగా అడగండి. ఈ మనిషిని హత్య వరకు తెచ్చిన ఆలోచన ఏమిటో, దాని మీద జైల్లో ఏ పని జరిగిందో ఒకటి చెప్పాలి. అతను తిరిగి వెళ్లే ఇంట్లో ఎవరున్నారో, అతని రాకకు వాళ్లలో ఎవరైనా భయపడుతున్నారేమో రెండోది చెప్పాలి. ఆ రెండో కాగితం కోసం ఎవరో ఒకరు ఆ ఊరికి వెళ్లి, చనిపోయినామె అక్కాచెల్లెళ్ల గుమ్మం ముందు కూడా కాసేపు కూర్చోవలసి ఉంటుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు