పూసా బీరువాల్లోని పురుగులు మాకూ కనపడాలి

గౌరవనీయులైన కేంద్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2021లో నల్ల తామర పురుగు మా గుంటూరు మిర్చిని ఊడ్చిపెట్టింది. మందు మీద మందు కొట్టినా పూతను వదల్లేదు. ఎక్కడిదీ పురుగు అని ఊరంతా ఒకటే టెన్షన్. బెంగళూరులో బొప్పాయి మీద దీన్ని శాస్త్రవేత్తలు 2015లోనే గుర్తించారన్న సంగతి పంట పోయాక గానీ మా చెవిన పడలేదు.

ఈ లేఖ పరిహారం గురించి కాదు (అది కూడా కావాలి, దానికి అర్జీ వేరే పెట్టుకున్నాం). పాత సంగతి ఒకటి గుర్తు చేద్దామని.

తెల్లదొరల కాలంలో బిహార్‌లోని పూసాలో ఇంపీరియల్ ఎంటమాలజిస్టు (సర్కారు కీటక శాస్త్రవేత్త) ఫ్లెచర్ దేశంలోని కీటక శాస్త్రవేత్తలను పిలిచి సమావేశాలు జరిపేవాడు. 1934 భూకంపంలో అక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ భవనం దెబ్బతింటే సంస్థను ఢిల్లీకి మార్చారు. 1938లో కీటక శాస్త్రవేత్తల సంఘం, ఎంటమలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పుట్టింది. అధ్యక్షుడు దొర కాదు, అఫ్జల్ హుస్సేన్. ఉపాధ్యక్షుల్లో టి.వి. రామకృష్ణ అయ్యర్ ఒకరు. మరుసటి ఏడాదే సొంత పత్రిక తెచ్చారు.

అయ్యర్ గారు కోయంబత్తూరులో పనిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ శాస్త్రవేత్త. అప్పట్లో మా గుంటూరూ ఆ ప్రెసిడెన్సీలోదే. ఆయన ఏళ్ల తరబడి పట్టుకు కూర్చున్నది, నమ్ముతారో లేదో, తామర పురుగులనే! రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని ప్రాణి అది. గాజు పలక మీద రెక్కలు విప్పి అతికిస్తారు. పక్కన చిన్న చీటీ: ఏ ఊరు, ఏ తేదీ, ఏ మొక్క, పట్టిందెవరు. చీటీ ఊడిపోతే మిగిలేది ఉత్త చచ్చిన పురుగే. కొత్త పురుగు దిగితే పోల్చి చూసుకోవడానికి ఆధారం ఇవే.

సొసైటీ మీ శాఖలోది కాదని తెలుసు. కానీ పూసా కీటక సేకరణ, అంటే ఇలా చీటీలతో దాచిన పురుగుల నిల్వ, ఉన్నది మీ శాఖ కిందున్న ఐసీఏఆర్‌ (భారత వ్యవసాయ పరిశోధన మండలి)లోనే. పంటలను తినే పురుగుల వరకైనా ఫొటోలు, చీటీల వివరాలు తెలుగుతో సహా అన్ని భాషల్లో, రైతులు పిలిచే పేర్లతో ఫోన్‌లో దొరికేలా పెట్టించండి. సొసైటీ వారితో మాట్లాడి పత్రిక తొలి సంపుటాలు ఎవరైనా ఉచితంగా చదువుకునే వీలు కల్పించండి. ఏ రాష్ట్రంలో కొత్త పురుగు కనపడినా నెల తిరక్కుండా మిగతా రాష్ట్రాల రైతు సేవా కేంద్రాలకు కబురు అందాలి.

2038కి సొసైటీకి నూరేళ్లు. శాలువాలు, సావనీర్లు ఎలాగూ ఉంటాయి. ఈ పని మాత్రం అప్పటిదాకా ఆగనివ్వకండి, వచ్చే మిర్చి నాట్లలోపే మొదలుపెట్టించండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా మిర్చి రైతు