సొరుగు నా దగ్గరే ఉండిపోయింది

లెస్టర్,
శనివారం రాత్రి

పిచ్చుకా,

తిట్టాల్సిన తిట్లన్నీ ముందు తిట్టేసి, అప్పుడు చదవడం మొదలుపెట్టు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. బల్ల మీదే ఉంది, రోజూ కనబడుతూనే ఉంది. ఇవాళ రాస్తా, రేపు రాస్తా అంటూ ఇంత ఆలస్యం చేశాను. క్షమించవే. ఇక్కడ అందరం బాగున్నాం. పెద్దదాని పరీక్షలు అయిపోయాయి, చిన్నవాడికి ముందుపన్ను ఊడింది, మీ అన్నయ్యకి ఈ నెలంతా నైట్ షిఫ్టులు. వారం నుంచి ఒకటే వాన, అయినా కాకి ఇల్లు కరిగిపోలేదు, కంగారుపడకు. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఆవకాయ అందింది. దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను, ఒక్క లైనులో సరిపెట్టే ఆవకాయ కాదది.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెప్పేద్దామని ఈ వారంలో మూడుసార్లు నీ నంబరు తీశాను. కానీ నువ్వు మధ్యమధ్యలో "తరవాతేమైంది, తరవాతేమైంది" అని పరిగెత్తిస్తావు. ఇది పరిగెత్తిస్తూ వినే సంగతి కాదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా తేలిపోయి ఉంటుంది. అయినా ఇప్పుడు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

బొమ్మరిళ్ల పాత సామాను నేను ఎలా వెతుక్కుంటానో నీకు తెలుసు కదా. పోయిన ఆదివారం పొద్దున్నే కార్ బూట్ సేల్‌కి వెళ్లాను. ఊరి బయట పొలంలో జనం కార్లు వరసగా పెట్టుకుని, డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కర్లేని సామానంతా అమ్ముకుంటారు. మన ఊరి సంత లాంటిదే అనుకో. మంచి వస్తువు దొరకాలంటే ఆరింటికల్లా అక్కడుండాలి. పాత సామాను వ్యాపారులు అప్పటికే టార్చిలైట్లు వేసుకుని పెట్టెలు తిరగేస్తుంటారు. నేను వెళ్లేసరికి సన్నగా తుంపర పడుతోంది. వరస చివర ఒక పెద్దాయన, ఎనభై పైనే ఉంటాయి, మడత బల్ల మీద కప్పులూ సాసర్లూ, తోటపని సామాను, ఒక పాత రేడియో పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల కింద, తడవకుండా, చెప్పుల డబ్బా ఒకటి.

మూత తీశాను. పైన ప్లాస్టిక్ స్నానాల తొట్టి, ఒక సోఫా, చిన్న వంటింటి బల్ల, రెండు కుర్చీలు. బల్లా కుర్చీలూ బార్టన్ వాళ్లవని చూడగానే తెలిసింది. లండన్ కంపెనీ, రెండో ప్రపంచయుద్ధం తరవాత ఇక్కడి ఆడపిల్లలు చాలామంది ఆ సామానుతోనే ఆడుకున్నారు. మన లక్కపిడతల లాగే, ఎవరి ఇంట్లో చూసినా అవే. అసలు వస్తువుకి పదహారో వంతు కొలతలో చేసేవాళ్లు. మా ఇంట్లో ఉన్న బొమ్మరిల్లు ట్రై-యాంగ్ వాళ్లది, దాంట్లోకి అవి చక్కగా సరిపోతాయి. ఆ పేరెలా వచ్చిందో నీకు చెప్పానా? లైన్స్ ఇంటిపేరున్న ముగ్గురన్నదమ్ములు పెట్టిన కంపెనీ. లైన్ అంటే గీత, మూడు గీతలు కలిస్తే త్రికోణం, అందుకని ట్రై-యాంగ్. నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

సరే, అవన్నీ పక్కకి జరిపితే, అడుగున అది ఉంది.

సొరుగుల బీరువా. నా అరచేతిలో సరిగ్గా పట్టేంత. ఎరుపు కలిసిన ముదురు గోధుమ రంగు, దాదాపు నలుపు. అంచుల వెంట వెంట్రుకంత సన్నటి బంగారు గీత, మూలల్లో ఆకులు తీగలు. గుబ్బలు ఒక్కొక్కటీ ఆవగింజ కంటే కొంచెం పెద్దవి. తిరగేసి చూశాను. కింద రంగు లేని ఉత్త చెక్క, దాని మీద పెన్సిలుతో ఏదో పాతకాలం ధర. మూడు సొరుగులుండాలి. పైదీ కిందదీ ఉన్నాయి, మధ్యలో ఖాళీ. అచ్చం మా చిన్నవాడి నోరులా.

పిచ్చుకా, నా చెయ్యి వణికిందంటే నమ్ము. ఎన్నేళ్లుగానో పుస్తకాల్లో, మ్యూజియం అద్దాల వెనకాల చూస్తున్న సామాను అది. జర్మనీలో థురింజియా అని అడవుల ప్రాంతం ఉంది. అక్కడ వాల్టర్స్‌హౌజెన్ అనే చిన్న ఊళ్లో పందొమ్మిదో శతాబ్దంలో బొమ్మలూ, బొమ్మల సామానూ చేసేవాళ్లు. మామూలు చెక్కతో చేసి, పైన రోజ్‌వుడ్ లాగా కనబడేట్టు ముస్తాబు చేసి, దాని మీద బంగారు రంగు తీగలు అచ్చు వేసేవాళ్లు. జమీందారుల ఇళ్లలో చెక్కలో ఇత్తడి పొదిగిన బీరువాలు ఉంటాయి చూడు, ఆ పనికి ఇది చిన్నపిల్లల నమూనా. సేకరించేవాళ్లు దీన్ని బీడర్‌మయర్ అంటారు. బీడర్‌మయర్ అంటే జర్మనీ వైపు ఒక కాలానికీ, అప్పటి సామాను తీరుకీ పేరు. ఆ కాలమేమో 1815 నుంచి 1848 దాకానే. ఈ సామానులో చాలా భాగం ఆ తరవాత తయారైందే. కానీ పేరు అలా అతుక్కుపోయింది. మీ వీధిలో చిన్నబాబుగారు మనవలు పుట్టినా చిన్నబాబుగారే కదా, అలాగ.

"ఎంతండీ?" అన్నాను.

"డబ్బా మొత్తం అయిదు పౌండ్లు. మా అక్కవి. ఇల్లు ఖాళీ చేస్తున్నాం" అన్నాడు.

అలాంటి బీరువా ఒక్కటే వేలంలో వంద పౌండ్లు దాటడం నేను కళ్లారా చూశాను. అయిదు పౌండ్ల నోటు ఇచ్చేశాను. డబ్బా చంకలో పెట్టుకుని కారు దాకా నడిచాను. తలుపు వేసుకుని కూర్చున్నాను. తాళంచెవి పెట్టాను. తిప్పలేకపోయాను.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఒక మాట అంటారు, తెలిసినవాడిదే లాభం అని. నిజమే, నేను ఇన్నేళ్లు చదివింది, తిరిగింది ఊరికే పోదుగా. దొంగతనమేమీ కాదు, ఆయన అడిగిన ధరే ఇచ్చాను. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నువ్వున్నావే! సంతలో లక్కపిడతల ఆవిడ మనకి చిల్లరలో అర్ధరూపాయి ఎక్కువిచ్చింది గుర్తుందా? ఐసు కొనుక్కుందామని నేనంటే, చింతచెట్టు దాకా వచ్చేసినదాన్ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లావు. మిట్టమధ్యాహ్నం, కాళ్లకి చెప్పుల్లేవు. దారంతా నిన్ను తిట్టుకుంటూనే నడిచాను. ఆవిడ ఆ అర్ధరూపాయి తీసుకుని, మనకి లక్క తిరగలి ఇచ్చింది. (పై రాయి ఇప్పటికీ నీ దగ్గరే ఉంది. కింది రాయి నా దగ్గర. ఆ తగువు వేరే.) ఈ ఊళ్లో, ఆ వానలో కూర్చుంటే, నాకు ఆ ఎండే గుర్తొచ్చింది.

దిగి వెనక్కి వెళ్లాను.

"ఇది చాలా పాతదండీ, ఖరీదైనది. మీకు తెలియక ఇచ్చేశారు" అని చెప్పాను. ఆయన నావంక అదోలా చూశాడు. మోసం చేయడానికి వచ్చానేమో అనుకున్నాడు పాపం. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, బీరువాని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ బంగారు గీత మీద మెల్లగా రాశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత చెప్పాడు. ఆ బీరువా వాళ్ల అమ్మమ్మది. అమ్మమ్మ చిన్నప్పుడు ఆడుకుని, ఆవిడ నుంచి వాళ్ల అమ్మకి, తరవాత అక్కకి వచ్చింది. తనని అక్క ఎప్పుడూ ముట్టుకోనిచ్చేది కాదట. అక్కకి ఇప్పుడు తొంభై ఒకటి. వృద్ధుల హోమ్‌లో ఉంది. "ఇవన్నీ ఎప్పుడో పోయాయనుకుని ఉంటుంది. ఇది అమ్మేది కాదు, తనకి తీసుకెళ్లి ఇస్తాను" అని బీరువాని రుమాల్లో చుట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. నా అయిదు పౌండ్లు తిరిగి ఇవ్వబోయాడు, తీసుకోలేదు. మిగతా డబ్బా నాకిచ్చాడు.

నీ దగ్గర దాపరికం ఎందుకు, నాకు గుండె జారిపోయింది. "ఇంత నిజం చెప్పావు, నువ్వే ఉంచుకో అమ్మా" అంటాడేమోనని మనసులో ఎక్కడో ఆశపడ్డాను. ఇంటికొచ్చి మీ అన్నయ్యకి చెబితే "మంచి పని చేశావు" అన్నారు. ఆ మాట వింటే ఏడుపొచ్చింది. రెండు రోజులు ఆ డబ్బా ముట్టుకోలేదు.

ఇప్పుడు విను. బుధవారం రాత్రి పిల్లలు పడుకున్నాక, ఎలాగూ కొన్నాను కదా, కడుగుదామని ముందేసుకున్నాను. గిన్నెలో గోరువెచ్చటి సబ్బు నీళ్లు. ప్లాస్టిక్ తొట్టి కడిగాను, సోఫా తుడిచాను. డబ్బా మూలలో దూది కింద ఒక మంచం ఉంది. మంచమంటే ఎవరో ఇంట్లో చేసుకున్న చెక్క పెట్టె లాంటిది. దాంట్లో పూల గుడ్డ ముక్క పరిచి, ఇంకో ముక్క దుప్పటిలా కప్పి, నా చిటికెన వేలంత పింగాణీ బొమ్మని పడుకోబెట్టారు. దుప్పటి అంచు పిల్ల చేతి కుట్టు, పెద్దపెద్ద టాకాలు. గుడ్డలు ఉతుకుదామని బొమ్మని తీశాను, గుడ్డ లాగాను. లోపల నీలం కాగితం. బీరువా సొరుగుల్లో కూడా అదే నీలం. ఒక్కసారి ఒళ్లు జల్లుమంది. పెట్టెని అటు తిప్పాను. డబ్బా గోడకి ఆనించి ఉన్న వైపు, ముదురు గోధుమ రంగు మీద వెంట్రుకంత బంగారు గీత, మధ్యలో ఆవగింజ గుబ్బ.

మధ్య సొరుగే! పోలేదు. ఆ అక్కగారు చిన్నప్పుడు దాన్ని లాగి బొమ్మకి ఉయ్యాల చేసుకుంది. అక్కడి నుంచి ఎవరూ కదపలేదు.

ఇంకొక్క నిమిషం అయితే నీళ్లలో వేసేసేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడుతున్నాయి. ఆ కాలం సామాను జంతువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురుతో అతికించేవాళ్లు. తడి తగిలిందంటే అది మెత్తబడి అతుకులు ఊడిపోతాయి, లోపలి కాగితం లేచిపోతుంది. మ్యూజియం వాళ్లయితే దూది పుల్లకి కాస్త ఉమ్మి తడి చేసి అంగుళం అంగుళం తుడుస్తారు. నేను అదీ చెయ్యలేదు. బొమ్మని మళ్లీ అలాగే పడుకోబెట్టి, దుప్పటి అలాగే కప్పి, అలమారలో దాచాను. రోజూ రాత్రి ఒకసారి తీసి చూస్తున్నాను.

మొన్న సెలవుల్లో పిల్లల్ని విండ్సర్ కోటకి తీసుకెళ్లాం అన్నాను కదా. అక్కడ క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఉంది. మన ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టిన లుటియెన్సే దాన్నీ కట్టాడు, 1924లో పూర్తయింది. అన్నీ పన్నెండో వంతు కొలతలో. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయట, లిఫ్టు పైకీ కిందకీ నడుస్తుందట, సీసాల్లో నిజం వైన్. కళ్లు తిప్పుకోలేకపోయాను, అబద్ధం కాదు. కానీ అది రాణిగారికి కానుకగా ఇచ్చింది, ఏ పిల్లా కింద కూర్చుని ఆడుకోలేదు. ఈ సొరుగుని చూస్తుంటే... ఏమో, దీన్ని సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఏ బొమ్మకి చలేస్తుందనుకుందో ఆ పిల్ల, సొరుగు లాగేసింది. మనం మీ అమ్మ పోపులపెట్టెలో గిన్నె తీసేసి పెళ్లికొడుక్కి పడవ చెయ్యలేదూ? ఆ పెళ్లికొడుకు కాలు సంగతి నేనెత్తను, నువ్వూ ఎత్తకు.

ఇప్పుడు నా బాధ ఏమిటంటే, పెద్దాయన ఫోను నంబరు తీసుకోలేదు. ఇల్లు ఖాళీ అయ్యేదాకా ప్రతి ఆదివారం వస్తానన్నాడు, అంతే తెలుసు. సొరుగు ఒక్కటీ తీసి ఇవ్వాలా, గుడ్డలతో బొమ్మతో సహా ఇవ్వాలా అని మూడు రోజులు తర్జనభర్జన పడ్డాను. మీ అన్నయ్య బీరువాలో పెట్టి చూస్తేనే కదా అందం అన్నారు. నేను మాత్రం ఎలా ఉందో అలాగే ఇద్దామనుకుంటున్నాను. బీరువాలో పెడతారో, ఉయ్యాలగానే ఉంచుతారో, అది ఆవిడ ఇష్టం. పెద్దాయన ఒప్పుకుంటే నేనూ హోమ్‌కి వెళ్లి ఆవిడని ఒక్కసారి చూడాలని ఉంది. అడగొచ్చంటావా? బాగుండదేమో. నువ్వయితే అడిగేస్తావు, నాకు తెలుసు.

పదకొండున్నర అయింది. అలారం అయిదింటికి పెట్టాను. కిటికీ మీద వాన చప్పుడు ఇంకా ఆగలేదు. పొలం బురదైతే సేల్ రద్దు చేస్తారు, అదొక టెన్షన్. డబ్బా, గొడుగు, ఫ్లాస్కు తలుపు దగ్గర పెట్టుకున్నాను. రేపు ఏమైందో వచ్చాక రాస్తా... చిన్నవాడు లేచినట్టున్నాడు, పిలుస్తున్నాడు. దిండు కింద పెట్టిన పన్ను కనబడట్లేదట. ఉంటానే.

నీ
కాకి